ఒకే పుస్తకం, రెండు తీర్పులు: ‘ది ఐ ఆఫ్ ది వరల్డ్’ మీద పాఠకులు ఎందుకు రాజీపడరు?

క్లుప్తంగా: రాబర్ట్ జోర్డాన్ రాసిన ‘ది వీల్ ఆఫ్ టైమ్’ సిరీస్‌లో మొదటి నవల ‘ది ఐ ఆఫ్ ది వరల్డ్’ 1990 జనవరిలో వచ్చింది. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్‌కి నకలని కొట్టిపారేసేవాళ్లు, ఆ తరం ఎపిక్ ఫాంటసీలో ఇంతకన్నా మంచి ఆరంభం లేదనేవాళ్లు ఇప్పటికీ ఎదురెదురుగానే ఉన్నారు. ఈ తేడాలో అభిరుచి పాత్ర ఉంది కానీ అది పెద్దదేమీ కాదు. ఏ కాలంలో చదివారు, సిరీస్‌లో ఎంత దూరం వెళ్లారు, ఎన్నోసారి చదువుతున్నారు అన్నవాటిని బట్టే తీర్పు ఎక్కువగా మారుతోంది. కథలోని ముఖ్యమైన మలుపులు, ముగింపు కూడా ఈ వ్యాసంలో ప్రస్తావనకు వస్తాయి. స్పాయిలర్లు వద్దనుకునేవాళ్లు గమనించగలరు.

వాదన దేని మీద

రెండు పక్షాల మాటలూ వింటే ఒక వింత కనిపిస్తుంది. ఇద్దరూ చూపించేది దాదాపు అవే పేజీలను. ఊళ్లో పండగ ఏర్పాట్లతో నింపేసిన మొదటి అధ్యాయాలు, సత్రం తర్వాత సత్రంగా సాగే ప్రయాణం, బట్టలూ గదులూ చెట్లూ వదలకుండా చేసే వర్ణన, హడావిడిగా ముగిసిపోయే చివరి యాభై అరవై పేజీలు. ఒకరికి ఇది సాగదీత, ఇంకొకరికి ఆ లోకంలో స్థిరపడే అవకాశం. ఒకరు పాత్రలన్నీ ముందే చూసినవంటారు, ఇంకొకరు పాత పాత్రల్ని తెచ్చి తలకిందులు చేశారంటారు. చదివిన విషయం ఒకటే అయినా దాన్ని ఎక్కడ నిలబడి చూస్తున్నారన్నది వేరు.

పుస్తకం పరిమాణం కూడా వాదనకు వేడి పుట్టిస్తుంది. ఇంగ్లీషులో ఇది మూడు లక్షల పదాలు దాటిన నవల. ప్రోలాగ్ కాక 53 అధ్యాయాలు. తొలి ఆడియోబుక్ నిడివి దాదాపు 30 గంటలు. రెండు గంటల సినిమా నచ్చకపోతే మనిషి విసుక్కుని మర్చిపోతాడు. వారాల తరబడి చదివింది నచ్చకపోతే మోసపోయినట్టు అనిపిస్తుంది. నచ్చినవాళ్లకు సరిగ్గా దీనికి వ్యతిరేకం. అన్ని రోజులు గడిపిన చోటు కాబట్టి అది దాదాపు సొంతమైపోతుంది, దాన్ని ఎవరైనా ఏమన్నా అంటే తగులుతుంది.

ఇలాంటి చీలిక ఈ పుస్తకంతో మొదలైంది కాదు. 1956లో ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడో భాగాన్ని సమీక్షిస్తూ కవి డబ్ల్యూ. హెచ్. ఆడెన్, ఇంత తీవ్రంగా వాదించుకున్న పుస్తకం తనకు ఇంకోటి గుర్తులేదనీ, దీని మీద మధ్యస్థంగా మాట్లాడేవాళ్లే కనిపించడం లేదనీ రాశాడు. ఆయన దాన్ని మెచ్చుకున్నవాడు. అదే ఏడాది విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ ఆ నవలను చిన్నపిల్లల సాహిత్యమని ఎద్దేవా చేశాడు.

తెలిసిన దారిలో మొదలుపెట్టడం

‘నకలు’ అన్న ఆరోపణకు ఆధారాలు తక్కువేం కాదు. లోకానికి దూరంగా ఓ పల్లె. పండగ ముందు రోజు. పండక్కి తెప్పించిన బాణసంచా. దారిలో నల్లటి వస్త్రం కప్పుకుని కనిపించే రౌతు. ఊరికి వచ్చిన మంత్రశక్తి గల మనిషి, వెంట రాజ్యం పోగొట్టుకున్న యోధుడు. రాత్రికి రాత్రి ఊరు విడిచి పారిపోవడం, పడవ మీద నది దాటడం, శాపం పట్టిన పాడుబడ్డ నగరం, నేల కింద చీకటి దారి. మధ్యలో ఓ పెద్దమనిషి శత్రువుకి అడ్డుపడి మిగతావాళ్లను తప్పిస్తాడు, అతను చనిపోయాడనే అందరూ అనుకుంటారు. టోల్కీన్ చదివినవాళ్లకు ఒక్కో మెట్టూ ముందే తెలిసిపోతుంది.

ఇది పొరపాటున జరగలేదు. మొదటి అధ్యాయాల్లో టోల్కీన్ వాతావరణం కావాలనే తెచ్చానని, ‘ఇది మీకు తెలిసిన చోటే’ అని పాఠకుడికి భరోసా ఇచ్చి, అక్కణ్నుంచి ఎవరూ వెళ్లని చోటికి తీసుకెళ్లడం తన ఉద్దేశమని జోర్డాన్ స్వయంగా చెప్పాడు. ఆ రోజుల్లో అది సబబైన లెక్కే. 1977లో టెర్రీ బ్రూక్స్ రాసిన ‘ది స్వోర్డ్ ఆఫ్ షన్నారా’ను టోల్కీన్ అనుకరణ అని విమర్శకులు చీల్చిచెండాడారు, అయినా అది బెస్ట్‌సెల్లర్ జాబితాకెక్కింది. ఆ రుచి ఇంకా కావాలనుకునే పాఠకులు బోలెడంతమంది ఉన్నారని ప్రచురణకర్తలకు అప్పుడే అర్థమైంది. 1980లలో కోనన్ అనే యోధుడి మీద నవలలు రాసి చేయి తిప్పుకున్న జోర్డాన్‌కూ ఆ మార్కెట్ తెలుసు.

చిక్కల్లా ఆ భరోసా అవసరం కాలంతో పాటు తగ్గిపోవడంలో ఉంది. 1990లో ఈ నవల కొన్నవాళ్లు టోల్కీన్ లాంటిది ఇంకోటి దొరికితే చాలనుకున్నవాళ్లు. 2020 తర్వాత చదివేవాళ్లకు పల్లెటూరి కుర్రాడు లోకరక్షకుడయ్యే కథ సినిమాల్లో, గేముల్లో, పిల్లల నవలల్లో అరిగిపోయి ఉంది. పైగా వీళ్లలో చాలామంది జోర్డాన్ తర్వాత వచ్చినవాళ్లని ముందే చదివేసి ఈ పుస్తకం దగ్గరకు వస్తారు. అలాంటివాళ్లకు మూలంలో ఉన్నది కూడా అనుకరణలాగే కనిపిస్తుంది.

అయితే విమర్శకులు తరచుగా వదిలేసే పేజీలు కొన్ని ఉన్నాయి, అవి పుస్తకం మొట్టమొదట్లోనే ఉన్నాయి. ప్రోలాగ్‌లో లూస్ థెరిన్ అనే మహాయోధుడు కూలిన సౌధంలో మతి తప్పి తిరుగుతుంటాడు. భార్యాబిడ్డల్ని తన చేత్తోనే చంపుకున్న సంగతి కూడా అతనికి తెలియదు. శత్రువు వచ్చి అతని పిచ్చిని పోగొడతాడు, తను చేసిన పని తనకు తెలియాలని. ఆ లోకంలో మంత్రశక్తికి ఆడసగం, మగసగం ఉన్నాయి. మగసగం కలుషితమైంది. దాన్ని వాడే ప్రతి మగవాడికీ చివరికి పట్టేది ఈ గతే. ఇప్పుడు పల్లెటూరి కుర్రాడు రాండ్ కథకు వస్తే, అతను ఎక్కడికో మోసుకెళ్లి పారేయాల్సిన ఉంగరమంటూ ఏదీ లేదు. ప్రమాదం అతని లోపలే ఉంది. లోకాన్ని కాపాడాల్సినవాడూ, లోకం భయపడాల్సినవాడూ ఒకడే.

దారి చూపే మొరేన్ కూడా టోల్కీన్ కథలోని మాంత్రికుడు గాండాల్ఫ్ లాంటి మనిషి కాదు. ఆమె ఐస్ సెడాయ్ అనే స్త్రీల సంఘానికి చెందిన మంత్రగత్తె. ఆ పేరు వింటేనే జనం తలుపులేసుకుంటారు. ఆమె కాపాడుతోందా, వాడుకుంటోందా అన్న అనుమానం కుర్రాళ్లని నవల పొడవునా వదలదు. ప్రోలాగ్‌ను మనసులో పెట్టుకుని చదివినవాళ్లకు ఇది టోల్కీన్‌కి ఎదురు తిరిగిన కథ. పేర్లు గుర్తుండక ఆ నాలుగు పేజీలు గబగబా తిప్పేసినవాళ్లకు మాత్రం టోల్కీన్ కథే పేర్లు మార్చుకుని వచ్చింది. ఆ నాలుగు పేజీల్లోనే అరడజను కొత్త పేర్లు వచ్చిపడతాయి, కాబట్టి తప్పు తిప్పేసినవాళ్లదే అనడం కూడా న్యాయం కాదు.

అదృష్టమా, ఆధారమా

ఈ నవల మీద రెండో పెద్ద ఫిర్యాదు, వీళ్లు ప్రతిసారీ అదృష్టం కొద్దీ బయటపడతారని. తరుముకొస్తున్న సైన్యం నుంచి అలసిన ముసలి గుర్రం మీద కూడా తప్పించుకుంటారు. ఫోర్ కింగ్స్ అనే ఊళ్లో సత్రం గదిలో చిక్కుకుంటే సరిగ్గా అప్పుడే పిడుగు పడి గోడ బద్దలవుతుంది. మొదటిసారి చదివేవాళ్లు ఇక్కడ పెదవి విరిస్తే ఆశ్చర్యమేమీ లేదు.

రెండోసారి చదివితే లెక్క మారుతుంది. బేలా అనే ఆ గుర్రం పడిపోకూడదని రాండ్ లోపల గట్టిగా కోరుకుంటాడు. కాసేపటికి గుర్రాల అలసట తీర్చబోయిన మొరేన్, అన్నిటికన్నా తక్కువ అలిసింది బేలానే అని గమనిస్తుంది. ఆ తర్వాత బేర్లన్ పట్టణంలో, మామూలుగా అణకువగా ఉండే ఇదే రాండ్ వైట్‌క్లోక్‌లనే మతఛాందస సాయుధులను రెచ్చగొట్టి నవ్వుతాడు. పడవ ప్రయాణంలో తెరచాప కొయ్య మీదికెక్కి పిచ్చి సాహసం చేస్తాడు. ఫోర్ కింగ్స్ పిడుగు తర్వాత జ్వరంతో పడిపోతాడు. విడివిడిగా చూస్తే ఇవన్నీ అతకని సన్నివేశాలే. కానీ నవల మధ్యలో మొరేన్, రాండ్ ఊరి వైద్యురాలు నైనీవ్‌తో మాట్లాడుతూ ఒక సంగతి చెబుతుంది. శిక్షణ లేకుండా మొదటిసారి శక్తిని వాడినవాళ్లకు కొన్ని రోజుల తర్వాత ప్రతిచర్య వస్తుంది, ఒంట్లో వణుకో జ్వరమో తలతిక్క ధైర్యమో, వాడినకొద్దీ ఆ వ్యవధి తగ్గుతూ వస్తుంది. మాట నైనీవ్‌కి చెప్పింది. అతికేది రాండ్‌కి. అదృష్టం అనుకున్నవన్నీ అతను తెలియకుండా చేసిన పనులే అని, రోజుల లెక్కతో సహా, అప్పుడు తేలుతుంది.

దీన్ని చూసిన అభిమాని ఈ నవల కట్టుదిట్టంగా అల్లిందని ప్రమాణం చేస్తాడు. చూడని పాఠకుడు రచయిత బద్ధకస్తుడంటాడు. రెండు మాటలూ ఒకే సన్నివేశాల గురించే. ఇక్కడ తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. రెండోసారి చదివితే తప్ప కనిపించని నేర్పును మొదటి పఠనం ఖాతాలో వేయాలా? మొదటిసారి చదివేటప్పుడు సన్నివేశం బలహీనంగా అనిపిస్తే ఆ బలహీనత నిజమైనదే. తర్వాత దొరికే వివరణ దాన్ని సమర్థిస్తుంది గానీ, అప్పుడు కలిగిన విసుగును వెనక్కి తీసుకోదు. అభిమానులు ఈ ఒక్క ముక్క ఒప్పుకుంటే సగం వాదనలు చల్లారతాయి.

సిరీస్ పొడవునా పరుచుకున్న సూచనలది ఇంకా పెద్ద లెక్క. బేర్లన్‌లో మిన్ అనే అమ్మాయికి మనుషుల చుట్టూ దృశ్యాలు కనిపిస్తాయి. రాండ్ స్నేహితుడు మాట్ గురించి చెబుతూ త్రాసులో పెట్టిన ఒక కన్ను కనిపించిందంటుంది. మాట్ కన్ను పోయేది 2010లో వచ్చిన పదమూడో భాగంలో. రాండ్ పాడె పక్కన ముగ్గురు స్త్రీలు అన్న దృశ్యానికి జవాబు 2013లో వచ్చిన ఆఖరి భాగంలో ఉంది. అప్పటికి జోర్డాన్ చనిపోయి అయిదేళ్లు దాటింది. ఆయన 2007లో పోయాక, వదిలివెళ్లిన నోట్స్ ఆధారంగా చివరి మూడు భాగాలను బ్రాండన్ శాండర్సన్ పూర్తిచేశాడు. మొదటి నవలలో ఒక పేరాగా కనిపించేది ఇరవై ఏళ్ల కథకు విషయసూచిక. సిరీస్ పూర్తిచేసినవాళ్లు ఆ పేరా దగ్గర ఆగిపోతారు, కొత్తవాళ్లు అర్థంకాని జాబితా అనుకుని దాటేస్తారు.

మాట్ సంగతే ఇంకో ఉదాహరణ. ఈ నవలలో అతను సణుగుతూ, శాపగ్రస్తమైన బాకు దాచుకుని, అందరినీ అనుమానిస్తూ తిరిగే చికాకు మనిషి. అతని మనసులోంచి నడిచే అధ్యాయం ఇందులో ఒక్కటీ లేదు. అవి మూడో భాగంలో మొదలవుతాయి, అక్కణ్నుంచి అతను సిరీస్‌లో ఎక్కువమంది ఇష్టపడే పాత్రల్లో ఒకడవుతాడు. మొదటి భాగంతో ఆపేసినవాళ్లకూ పూర్తిచేసినవాళ్లకూ మాట్ గురించి మాట కలవకపోవడానికి కారణం ఇదే. వాళ్లు కలుసుకున్న మనుషులు వేరు.

ముగించాలి, కానీ ముగించకూడదు

ఎపిక్ ఫాంటసీలో మొదటి భాగానికి రెండు పనులు అప్పజెబుతారు, ఆ రెండూ ఒకదానికొకటి పొసగవు. కొన్నవాడికి ఒక పూర్తి నవల చదివిన తృప్తి ఇవ్వాలి, అంటే ఏదో ఒకటి తేలాలి. తర్వాతి భాగాలకు పునాది కూడా వేయాలి, అంటే ముఖ్యమైనవేవీ తేలకూడదు. ‘ది ఐ ఆఫ్ ది వరల్డ్’ ముగింపు ఈ రెండు ఒత్తిళ్ల మధ్య నలిగిందని పేజీల మీదే కనిపిస్తుంది.

ప్రయాణానికి నెమ్మదిగా వందల పేజీలిచ్చిన నవల, గమ్యం చేరాక పరుగందుకుంటుంది. చెట్టూచేమలతో అల్లిన గ్రీన్ మ్యాన్ కనిపిస్తాడు, అతను కాపలా కాసే ‘ప్రపంచపు కన్ను’ అనే, దాచిపెట్టిన శక్తి మడుగు కనిపిస్తుంది, యుగాల నాటి ఇద్దరు దుష్ట మాంత్రికులు ఊడిపడతారు, రాండ్ ఒక్కసారిగా అపారమైన శక్తిని అందుకుంటాడు, ఎక్కడో దూరంగా ఉన్న టార్విన్స్ గ్యాప్ యుద్ధంలో ప్రత్యక్షమై శత్రుసైన్యాన్ని నాశనం చేస్తాడు, ఆ వెంటనే తన కలల్లో వెంటాడిన బాల్జమాన్‌తో తలపడి చీకటి ప్రభువునే చంపేశాననుకుంటాడు. ఇదంతా కొద్ది అధ్యాయాల్లో. మాంత్రికులెవరో, ఆ మడుగు ఎందుకుందో, రాండ్ ఒక చోటు నుంచి ఇంకో చోటికి ఎలా వెళ్లాడో తొలి పఠనంలో స్పష్టంగా అర్థమైందని చెప్పేవాళ్లు తక్కువ.

ఆ ముగింపుని అక్కడితో ఆపేసి చూస్తే, చీకటి ప్రభువు చచ్చాడు, కథ అయిపోయింది. సిరీస్ ముందుకు సాగకపోయినా నవల నిలబడుతుంది. సాగింది కాబట్టి, చచ్చింది చీకటి ప్రభువు కాదని తర్వాత సర్దుకోవాల్సి వచ్చింది. మొదట్లో కొద్ది భాగాలతో ముగుస్తుందనుకున్న కథ చివరికి 14 భాగాలు, ఒక పూర్వకథ, మొత్తం 40 లక్షలకు పైగా పదాలయింది. ఎంత దూరం వెళ్తుందో తెలియని ప్రయాణానికి వేసిన మొదటి మజిలీ అది.

ప్రతి భాగంలోనూ మొదటి అధ్యాయం ఒకే రకమైన పేరాతో మొదలవుతుంది. కాలచక్రం తిరుగుతుంది, యుగాలు వచ్చిపోతాయి, ఎక్కడో ఒక చోట గాలి లేస్తుంది, ఆ గాలి ఆదికి ఆది కాదు గానీ అదొక ఆరంభం. పునర్జన్మ, యుగచక్రం కొత్త కాని తెలుగు పాఠకులకు ఇందులో వింతేమీ కనిపించకపోవచ్చు. సరళరేఖలో సాగే కాలానికి అలవాటుపడ్డ ఫాంటసీలో మాత్రం అది తాజాగా ఉంది. రచయిత ముందే ఒప్పుకున్నట్టు, ఇది నిజమైన మొదలు కాదు. నవలగా తూచేవాళ్లను ఈ సమాధానం తృప్తిపరచదు.

మధ్యభాగంలో ఇంకో ఇబ్బంది ఉంది. రాండ్, మాట్ కేమ్లిన్ నగరం దారిలో నడిచే అధ్యాయాల్లో కథాకాలం ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఈ సంఘటన ముందా ఆ సంఘటన ముందా అని పేజీలు వెనక్కి తిప్పాల్సి వస్తుంది. అలసటతో రోజులు కలగాపులగమైపోవడాన్ని చూపించడానికే అలా రాశారని సమర్థించేవాళ్లున్నారు. నిజానికి అంత సమర్థన అక్కర్లేదు. ఆ భాగం సరిగ్గా కుదరలేదు, అంతే.

ఇదే సమస్యకు ఇతరులు వెతుక్కున్న దారులు

స్టీవెన్ ఎరిక్సన్ ‘గార్డెన్స్ ఆఫ్ ది మూన్’ 1999లో వచ్చింది, పది భాగాల మలాజాన్ సిరీస్‌కి అది మొదటిది. జోర్డాన్ చేయిపట్టుకుని నడిపిస్తే ఎరిక్సన్ నీళ్లలోకి తోసేస్తాడు. సామ్రాజ్యం ఏమిటి, యుద్ధం ఎందుకు, వారెన్లనే మంత్రమార్గాలు ఎలా పనిచేస్తాయి, ఇవేవీ ఆగి చెప్పడు. ఆ లోకం ముందు ఆయనా, స్నేహితుడు ఇయాన్ ఎస్లెమాంట్ కలిసి ఆడుకున్న రోల్‌ప్లే గేమ్ కోసం పుట్టింది. తర్వాత సినిమా స్క్రిప్టుగా మారి, ఆ పైన నవలయింది. పురావస్తు శాస్త్రం చదివిన రచయిత కాబట్టి, తవ్వకంలో దొరికిన ముక్కల్ని బట్టి మొత్తాన్ని ఊహించుకోవాల్సిన బాధ్యత పాఠకుడిదే అన్నట్టు రాశాడు. ఇక్కడి చీలిక జోర్డాన్‌ది తిరగేసినట్టుంటుంది. నచ్చనివాళ్ల ఫిర్యాదు ‘తెలిసిందే చెప్పారు’ అని కాదు, ‘ఏమీ చెప్పలేదు’ అని. మెచ్చుకునేవాళ్ల సలహా మాత్రం రెండు చోట్లా ఒకటే: ఇంకో పుస్తకం ఆగి చూడండి.

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ 1996లో వచ్చింది. మొదటి భాగం మీద ఇంత కొట్లాట దానికి లేకపోవడానికి నిర్మాణపరమైన కారణాలున్నాయి. ప్రోలాగ్ కాక ఎనిమిది పాత్రల కళ్లలోంచి కథ నడుస్తుంది, ఏ అధ్యాయం ఎవరిదో శీర్షికలోనే పేరుంటుంది, తప్పిపోయే అవకాశం తక్కువ. అంతకన్నా ముఖ్యంగా ఆ భాగానికంటూ సొంత ప్రశ్న ఉంది. రాజు ముఖ్య సలహాదారు జాన్ ఆరిన్ ఎందుకు చనిపోయాడు? దాన్ని వెతికిన నెడ్ స్టార్క్ కథ అదే పుస్తకంలో మొదలై అదే పుస్తకంలో, కత్తి కింద, ముగుస్తుంది. సింహాసనం సంగతి తేలకపోయినా పాఠకుడు ఒక పూర్తి పతనాన్ని చూశాడు. ఒక భాగానికి సరిపడే చిన్న ప్రశ్న, సిరీస్‌కి సరిపడే పెద్ద ప్రశ్న విడివిడిగా పెట్టుకోవడం ఈ రకం నవలల్లో అన్నిటికన్నా నమ్మకమైన ఉపాయం. జోర్డాన్ మొదటి భాగంలో ఆ చిన్న ప్రశ్న బలహీనంగా ఉంది. ప్రపంచపు కన్ను అంటే ఏమిటన్నది సగం పుస్తకం దాటాక గానీ ముఖ్యం కాదు.

రేటింగుల్లో దాగిన లెక్క

ఆన్‌లైన్‌లో సిరీస్‌ల రేటింగులు చూసేటప్పుడు ఒక మెలిక మర్చిపోకూడదు. మొదటి భాగం నచ్చనివాళ్లు తక్కువ రేటింగ్ ఇచ్చి వెళ్లిపోతారు. వాళ్లు రెండో భాగానికి రేటింగే ఇవ్వరు. కాబట్టి సిరీస్ మొత్తం మీద ఉన్న అసంతృప్తిలో పెద్ద వాటా మొదటి పుస్తకం నెత్తినే పడుతుంది. ఆరేడు భాగాలు దాటాక మిగిలినవాళ్లు అప్పటికే వడపోతలో నెగ్గిన అభిమానులు. తర్వాతి భాగాలకు వచ్చే సగటు పెరిగితే, పుస్తకాలు మెరుగయ్యాయనీ అనవచ్చు, ఒప్పుకోనివాళ్లు పోయారనీ అనవచ్చు. రెండింటినీ విడదీయడానికి సగటు ఒక్కటీ సరిపోదు.

ఇంత వడపోత ఉన్నా ఈ సిరీస్‌లో కొన్ని భాగాలను అభిమానులే విసుక్కుంటారు. ముఖ్యంగా 2003లో వచ్చిన పదో భాగం దగ్గర, వందల పేజీలు గడిచినా కథ కదలదన్న ఫిర్యాదు గట్టిది. అక్కడిదాకా ఓపిక పట్టినవాళ్లకు కూడా నచ్చలేదంటే ఆ విమర్శకు బరువెక్కువ. ఆ భాగాల పేరుప్రతిష్ఠ వెనక్కి వచ్చి మొదటి భాగాన్నీ తాకుతుంది. 14 భాగాల్లో మధ్యవి నత్తనడక అని ముందే విన్న కొత్త పాఠకుడు, మొదటి పుస్తకంలో ప్రతి నెమ్మది పేజీని అనుమానంగా చూస్తాడు.

1990 నాటి పాఠకుడికి ఈ బరువు లేదు. రెండో భాగం అదే ఏడాది నవంబర్లో వచ్చేసింది, మూడోది 1991లో. ఎన్ని భాగాలవుతాయో తెలియదు, ఏ భాగం బోరో చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు మొదలుపెట్టేవాడు ఒక నవల కొనడం లేదు, 40 లక్షల పదాలకు ఒప్పుకోవాలా వద్దా అని తేల్చుకుంటున్నాడు. నవలను కాక ఆ ఒప్పందాన్ని తూచడం మొదలైతే తీర్పు కఠినంగా రావడం సహజం.

ఆడ, మగ పేచీలు

కాలం మార్చిన ఇంకో విషయం స్త్రీ పాత్రలు. మంత్రశక్తి నమ్మకంగా వాడగలిగేది ఆడవాళ్లే అన్న లోకంలో రాణులూ, పండితులూ, వైద్యులూ స్త్రీలే. 1990 నాటి ఫాంటసీతో పోలిస్తే అది పెద్ద మార్పు. మరోవైపు ‘ఈ మగాళ్లింతే’, ‘ఆడవాళ్లు ఎప్పటికీ అర్థంకారు’ తరహా సణుగుడు పేజీ పేజీకీ వస్తుంది. నైనీవ్ జడ లాగడం అభిమానుల్లో జోకుగా స్థిరపడిపోయింది. రెండూ పుస్తకంలో ఉన్నాయి కాబట్టి ఎవరికి ఏది ముందు కనిపిస్తే అదే రుజువు.

టీవీ వచ్చాక

2021 నవంబర్లో అమెజాన్ ప్రైమ్ వీడియోలో వచ్చిన సిరీస్, పాత వాదనకు కొత్త జనాన్ని తెచ్చింది. మొదటి సీజన్ ఎనిమిది ఎపిసోడ్‌లు. అంత తక్కువ చోట్లో మొదటి నవలను ఇమడ్చడానికి తీసినవాళ్లు ఏం మార్చారో చూస్తే, పుస్తకంలో ఇబ్బంది ఎక్కడుందని వాళ్లు అనుకున్నారో తెలుస్తుంది. నవలలో ముందుభాగమంతా దాదాపు రాండ్ కళ్లలోంచే నడుస్తుంది, కాబట్టి లోకం ఎదురుచూస్తున్న మనిషి అతనేనని చాలామంది ఊహించేస్తారు. టీవీలో ఆ మనిషి అమ్మాయిలతో సహా అయిదుగురిలో ఎవరైనా కావచ్చని దాచారు. అంటే నవలకు కొరవడిన చిన్న ప్రశ్నను బయటినుంచి తెచ్చిపెట్టారు. మొరేన్‌ను కథ మధ్యలోకి తెచ్చి, పల్లెలో గడిపే సమయాన్ని బాగా కోసేశారు.

పుస్తకాన్ని ప్రచురించినవాళ్లు అంతకు చాలాముందే ఆరంభాన్ని సవరించే ప్రయత్నం చేశారు. 2002లో చిన్న వయసు పాఠకుల కోసం ఈ నవలను రెండు పుస్తకాలుగా విడదీసి, మొదటిదానికి రాండ్ ఊరి అమ్మాయి ఎగ్వీన్ చిన్నతనం మీద కొత్త ప్రోలాగ్ చేర్చారు. ఆరంభంలో ఎగ్వీన్ చూపు లేని లోటు దానితో కొంత తీరింది. చదవాల్సిన పేజీలు మాత్రం తగ్గలేదు.

టీవీ సిరీస్ మూడు సీజన్ల తర్వాత 2025 మేలో ఆగిపోయింది. అది చూసి పుస్తకం పట్టుకునేవాళ్ల తీర్పులు 1990 పాఠకులవాటిలాగా ఉండవు. రాండ్ ఎవరో వాళ్లకు ముందే తెలుసు, అందుకని పైన చెప్పిన పిడుగూ గుర్రమూ వాళ్లకు మొదటి పఠనంలోనే ఆధారాలుగా కనిపించే అవకాశం ఉంది. ‘అదృష్టం’ ఫిర్యాదు వీళ్ల దగ్గర బలహీనపడుతుంది. నెమ్మదితనం మీది ఫిర్యాదు మాత్రం బలపడుతుంది, ఎందుకంటే టీవీ కోసేసిన పేజీలన్నీ ఇక్కడ మళ్లీ ఎదురవుతాయి.

ముగింపు సంగతి ఎటూ తేలలేదు. అభిమానులు కూడా తడబడేది ఆ చోటే కాబట్టి టీవీవాళ్లు దాన్ని చాలావరకు తిరగరాశారు. టార్విన్స్ గ్యాప్ వైపు నుంచి వచ్చిన శత్రుసైన్యాన్ని రాండ్ బదులు శక్తులు కలుపుకున్న స్త్రీలు నాశనం చేస్తారు. రాండ్, మొరేన్ ఇద్దరే కన్ను దగ్గరకు వెళ్తారు. పుస్తకం ముగింపు అర్థం కాలేదని ఏళ్ల తరబడి గొణిగినవాళ్లలో కొందరు, దాన్ని మార్చారని అంతకన్నా గట్టిగా గొడవ చేశారు.